స్థలం కేసు కింది కోర్టులో ఓడిపోయారా? అప్పీలు ఇలా వేయండి

తీర్పు వచ్చిన రోజే జడ్జిమెంటు, డిక్రీ (తీర్పు ప్రకారం ఎవరికి ఏం దక్కాలో చెప్పే కోర్టు పత్రం) రెండింటి సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టేయండి. జిల్లా కోర్టుకైతే డిక్రీ తేదీ నుంచి 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు గడువు; కాపీ ఇవ్వడానికి కోర్టుకు పట్టిన రోజులు ఇందులో కలపరు. గడువు దాటితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద పిటిషన్ వేయొచ్చు గానీ, ఆలస్యానికి గట్టి కారణం చూపాలి.

చాలామంది దెబ్బతినేది స్టే (డిక్రీ అమలును తాత్కాలికంగా ఆపే ఉత్తర్వు) దగ్గర. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు, అవతలివాళ్లు ఈపీ (డిక్రీని అమలు చేయమనే పిటిషన్) వేసి స్థలం స్వాధీనం చేసుకునే ప్రమాదం ఉంది, కాబట్టి అప్పీలుతో పాటే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 41 రూల్ 5 కింద స్టే అడగమని మీ వకీలుకు గట్టిగా చెప్పండి.

అప్పీలు గ్రౌండ్స్‌లో (తీర్పు ఎందుకు తప్పో చెప్పే కారణాల్లో) ‘అన్యాయం జరిగింది’ అంటే సరిపోదండీ. ఏ దస్తావేజును పట్టించుకోలేదో, ఏ సాక్షి మాటను తప్పుగా అర్థం చేసుకున్నారో విడివిడిగా రాయించండి. కొత్త కాగితాలు పెట్టాలంటే అదే ఆర్డర్ 41లోని రూల్ 27 కింద అనుమతి కావాలి, అది అంత తేలిగ్గా రాదు. సాక్ష్యాలను మళ్లీ పూర్తిగా పరిశీలించేది ఈ మొదటి అప్పీలులోనే. రెండో అప్పీలును హైకోర్టు ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే వింటుంది.