నిద్ర, దిగులు, మందు: ఇంటింటి సర్వేలో ప్రశ్నలు ఎలా అడగాలి?

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో ఫారాలు పట్టుకున్న పిల్లలు కనిపిస్తారు. సైకాలజీ వాళ్లు, సోషల్ వర్క్ వాళ్లు, నర్సింగ్ వాళ్లు. మనసుకు తగిలిన దెబ్బలు, ఆందోళన, నిద్ర, తాగుడు ఒకదాన్నొకటి ఎలా పెంచుతాయన్నది వాళ్ల అంశం. చాలా అవసరమైన అంశం. కానీ అడిగే తీరు తెలియక ఎన్నో ఫారాలు ఎందుకూ పనికిరాకుండా పోతున్నాయి. అందులోనూ మందు లెక్క. దాన్ని ప్రతి ఏడాదీ తప్పుగానే రాసుకొస్తున్నారు.

వెంట తీసుకుపోవాల్సినవి: ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం, తెలుగులో అచ్చేసిన సమ్మతి పత్రం, ఫారాలు, అట్ట, రెండు పెన్నులు, మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 రాసిన చీటీలు. వీటితో పాటు ఒక ఖాళీ క్వార్టర్ సీసా, ఒక స్టీలు గ్లాసు, మిల్లీలీటర్ల గీతలున్న కొలత గ్లాసు, లీటరు నీళ్లు. ఈ చివరివి ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది. ఇవి లేకుండా బయలుదేరొద్దు.

ప్రశ్నలు సొంతంగా తయారు చేయొద్దు. ఆందోళనకు 2006లో వచ్చిన జీఏడీ-7 ఉంది, ఏడే ప్రశ్నలు. నిద్రకు 1989 నాటి పిట్స్‌బర్గ్ సూచిక, తాగుడుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఆడిట్ అనే ప్రశ్నావళి, ట్రామాకు, అంటే మనసుకు తగిలిన దెబ్బలకు, పీసీఎల్-5 ఉన్నాయి. అడిగే వరుస కూడా మార్చొద్దు: ముందు నిద్ర, తర్వాత ఆందోళన, ఆ తర్వాత మందు, చివర ట్రామా. గడప తొక్కగానే "తాగుతారా?" అని అడిగితే ఆ ఇంట్లో ఇంకే ప్రశ్నకూ నిజం రాదు.

మొదటి మెట్టు: నిద్ర

ఇది సులువు. గడిచిన నెల రోజుల్లో మామూలుగా ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, పడుకున్నాక నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది. గడియారం చూడని వాళ్లను "పాలు పొయ్యడానికి పోయేదానికి ఎంతసేపు ముందు లేస్తారు?" అని అడిగితే టైము దానంతటదే తేలుతుంది. మొత్తం స్కోరు 5 దాటితే నిద్ర బాగాలేనట్టు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచు ఊళ్లలో ఏనుగులు పంట మీద పడతాయని రాత్రంతా పొలంలో కాపలా కాసేవాళ్లు ఉంటారు. తోతాపురి మామిడికాయ దిగే నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు చేసేవాళ్లు ఉంటారు. వాళ్లు నిద్ర పట్టక మేలుకున్న వాళ్లు కాదు, పడుకునే వీలు లేక మేలుకున్న వాళ్లు. పక్కన ఆ మాట రాయకపోతే రెండు రకాల మనుషులూ మీ లెక్కలో ఒకటైపోతారు. అసలు గుజ్జు సీజన్లో నిద్ర సర్వే పెట్టుకోకూడదు.

రెండో మెట్టు: ఆందోళన

జీఏడీ-7 అడిగేది గడిచిన రెండు వారాల సంగతి. "రెండు వారాలు" అంటే పెద్దవాళ్లకు సరిగా అందదు. "పోయిన అమావాస్య నుంచి", "పున్నమి నుంచి" అని రెండు వారాలకు దగ్గర్లో ఉన్నదాన్ని పట్టుకుని అడగండి. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 21. 10 వస్తే పట్టించుకోవాల్సిన స్థాయి. మీరు ఉదాహరణలు ఇచ్చి జవాబు నోట్లో పెట్టొద్దు. ఉన్న ప్రశ్న ఉన్నట్టు చదివి ఆగండి.

మూడో మెట్టు: మందు లెక్క

ఇక్కడ తొందర పడకండి. సర్వే నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే.

ఆడిట్‌లో పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు, 8 నుంచి ప్రమాదం కింద లెక్క. రెండో ప్రశ్న, తాగిన రోజు ఎన్ని "డ్రింకులు" తాగుతారని. ఆ డ్రింకు అంటే 10 గ్రాముల అసలు ఆల్కహాలు. మన దగ్గర ఎవరూ అట్లా లెక్కపెట్టరు. "ఏముందినా, పొద్దుగూకితే ఒకటి ఏసుకుంటా, అంతే" అంటాడు తాగే మనిషి. పిల్లలు ఒకటి అని రాసుకుంటారు. ఆయన చెప్పిన ఒకటి, క్వార్టర్.

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే అందులో ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు, బరువులో దాదాపు 61 గ్రాములు. ఆరు డ్రింకులు.

ఇప్పుడు మార్కులు చూడండి. ఆయన రోజూ తాగుతాడు కాబట్టి మొదటి ప్రశ్నకు 4. రెండో ప్రశ్నలో "ఒకటి" అని రాస్తే సున్నా, ఆరు అని రాస్తే 2. మూడో ప్రశ్న, ఒకే దఫాలో ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఎన్నిసార్లు తాగుతారని. ఒకటే అనుకుంటే సున్నా, రోజూ ఆరు కాబట్టి అసలు మార్కులు 4. మూడు ప్రశ్నలకు కలిపి తప్పు లెక్కలో 4, సరైన లెక్కలో 10. ప్రమాదంలో ఉన్న మనిషిని బాగున్నాడని మీరే రాసి పంపుతున్నారు.

అందుకే సీసా, నీళ్లు. "అన్నా, మామూలుగా ఎంత పోసుకుంటావో ఈ గ్లాసులో నీళ్లు పోసి చూపించు" అని అడగండి. మాటతో చెప్పమంటే తగ్గించి చెప్పే మనిషి చెయ్యి కూడా పొయ్యమంటే అలవాటుగా పోస్తుంది. ఆ నీళ్లను కొలత గ్లాసులోకి వంపి చూడండి. విస్కీ, బ్రాందీ అయితే 30 మిల్లీలీటర్లకు ఒక డ్రింకు. 60 పెగ్గు అంటే రెండు. ఇద్దరు కలిసి ఒక క్వార్టర్ పంచుకుంటే మనిషికి మూడు. 650 బీరు సీసా 5 శాతమైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగైతే నాలుగు. లేబుల్ అడిగి చూడండి, ఊహించొద్దు.

తర్వాత విడివిడిగా అడగాలి. విస్కీ, బ్రాందీ అయ్యాక బీరు, ఆ తర్వాత కల్లు, ఆ తర్వాత నాటుసారా. బీరును, కల్లును మందుగా లెక్కపెట్టని వాళ్లు చాలామంది. కుప్పం వైపు కర్ణాటక నుంచి వచ్చే 90 మిల్లీలీటర్ల టెట్రా ప్యాకెట్లు కూడా ఉంటాయి, అవి మనిషి దృష్టిలో "చిన్నది" కానీ ఒక్కొక్కటి మూడు డ్రింకులు. సారా బలం ఇంతని చెప్పలేం కాబట్టి దాన్ని డ్రింకుల్లోకి మార్చొద్దు, ఎన్ని గ్లాసులో పక్కన రాయండి.

పక్కన భార్య గానీ, కొడుకు గానీ, పంచాయతీ వాళ్లు గానీ ఉంటే ఈ భాగం అడగనే వద్దు. వేపచెట్టు కిందికో, పొలం గట్టుకో పిలుచుకుపోండి. పొద్దుగూకాక అస్సలు పోవద్దు. ఆడవాళ్లను కూడా అడగాలి, "మీరు తాగరు కదమ్మా" అని మీరే తేల్చేయొద్దు. నిద్రమాత్రలు వాడుతున్నామంటే డాక్టరు చీటీ కాదు, మాత్రల అట్ట చూపించమనండి.

కొందరు ఇదంతా గూగుల్ ఫారంలో వాట్సాప్‌కు పంపితే అయిపోతుంది కదా అంటారు. ఫోను గ్లాసులో నీళ్లు కొలవదు. ఈ లెక్క తప్పితే నిద్ర భాగం కూడా తప్పుతుంది. మందు తొందరగా నిద్ర పట్టిస్తుంది, కానీ రాత్రి రెండో సగంలో అదే నిద్రను చెడగొడుతుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చి గుండె దడతో కూర్చునేవాడి ఫారంలో "ఒకటి" అని ఉంటే, ఆ దడకు కారణం మీకు ఎప్పటికీ దొరకదు.

నాలుగో మెట్టు: ట్రామా

జరిగింది వివరంగా చెప్పమని అడగొద్దు. పీసీఎల్-5కు ఆ కథ అక్కర్లేదు. బాగా కలిచివేసిన సంఘటనను మనసులో పెట్టుకుని, గడిచిన నెలలో ఏమనిపించిందో ఇరవై ప్రశ్నలకు చెబితే చాలు. ఏడుపు వస్తే పెన్ను కింద పెట్టి కూర్చోండి. ఫారం అసంపూర్తిగా ఉన్నా ఫరవాలేదు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే సర్వే అక్కడితో ఆపేయాలి. ఒంటరిగా వదలకుండా ఇంట్లో నమ్మకమైన వాళ్లను పిలవండి, 14416కు కలపండి, ప్రమాదం కనిపిస్తే 108.

చివరగా, పశువుల గురించో పంట గురించో నాలుగు మాటలు మాట్లాడాకే లేవండి. ఆడిట్‌లో 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిన వాళ్లకు 14416 చీటీ ఇచ్చి, తిరుపతి రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికో దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో పొమ్మని చెప్పండి. మార్కులు ఇంట్లో వాళ్లకు చెప్పొద్దు. రోజూ ఎక్కువగా తాగే మనిషికి "రేపటి నుంచి మానెయ్యన్నా" అని మాత్రం ఎప్పుడూ చెప్పకండి. ఉన్నట్టుండి ఆపితే ఒణుకు, ఫిట్స్, మతి చలించడం దాకా పోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆపాల్సింది డాక్టరు చేతిలో, మందులు వేసుకుంటూ. ఈ మాట ఆయనకూ, ఆయన చెప్పమంటే ఇంట్లో వాళ్లకూ మీ నోటితోనే చెప్పి రండి.