కాన్ఫరెన్స్‌లో పరిచయాలు నిలవడం లేదా? సమస్య - పరిష్కారం

సమస్య: జేబు నిండా విజిటింగ్ కార్డులు, వారం తిరిగేసరికి ఒక్కరూ పలకరు.

కారణం: ఎవరికి ఏం కావాలో మీరు రాసుకోలేదు. "కలిసినందుకు సంతోషం" అనే మెసేజ్ వాళ్లకు ఆ రోజు చాలామంది పంపి ఉంటారు.

పరిష్కారం: మాట ముగియగానే పక్కకు వచ్చి కార్డు వెనక రాయండి: ఎక్కడ కలిశారు, వాళ్లకేం కావాలి, మీరేం పంపుతానన్నారు. నున్నటి కార్డు మీద ఇంకు నిలవదు, అలాంటిదైతే ఫోన్‌లో రాసుకోండి. పంపుతానన్నది 48 గంటల్లో పంపేయండి. లింక్డ్‌ఇన్‌లో డబ్బు కట్టని ఖాతాకు రిక్వెస్టుతో నోట్ పెట్టే వీలు నెలకు కొన్నిసార్లే. దాన్ని పొడి పలకరింపులకు ఖర్చు చేయకండి.

సమస్య: "ఎక్కడ చేస్తున్నారు?" దగ్గరే మాట ఆగిపోతుంది.

పరిష్కారం: "ఈ మధ్య ఏ పని ఎటూ తెగడం లేదు?" అని అడగండి. చెప్పగానే సలహాకు దిగొద్దు. ఇప్పటిదాకా ఏమేం చేసి చూశారో కనుక్కోండి, సగం సలహాలు అక్కడే అనవసరమని తేలిపోతాయి. ఇలాంటి మాటలకు టీ కౌంటర్ దగ్గరి తోపులాట కంటే భోజనాల క్యూ నయం.

సమస్య: ఇద్దరిని కలిపారు. ఒకరు నొచ్చుకున్నారు, లేదా ఇద్దరూ మాట్లాడుకోనే లేదు.

కారణం: ఎక్కువగా జరిగే తప్పు ఇదే. అడగకుండా వాట్సాప్ గ్రూపు పెట్టి ఇద్దర్నీ అందులో పడేస్తారు. నంబరు బయటికి పోతుంది, పెద్దవాళ్లు మొహమాటానికి కాదనలేరు. కలిపిన కారణం రాయకపోతే అవతలివాళ్లే మొదలుపెడతారని ఇద్దరూ ఊరుకుంటారు.

పరిష్కారం: సాయం చేయాల్సినవారిని ముందు విడిగా అడగండి: "సార్, కోల్డ్ స్టోరేజీలకు సెన్సర్లు చేసే ఒకావిడ ఉన్నారు. గుంటూరు మిర్చి గోదాముల వాళ్లు ఏం చూసి కొంటారో మిమ్మల్ని ఒక 15 నిమిషాలు అడగాలట. మీ నంబరు ఇవ్వనా? వీలుకాకపోతే ఫర్వాలేదండి." సరేనంటేనే కలపండి. ఒక్కొక్కరి గురించి ఒక్కో వాక్యం, పనేమిటో ఒక వాక్యం, ముందు ఎవరు ఫోన్ చేయాలో ఒక వాక్యం చాలు. కాదంటే రెండోసారి అడగొద్దు. ఆవిడకు "ఇప్పుడు కుదరదట" అని ఆ రోజే చెప్పేయండి, నాన్చితే ఎదురుచూస్తూ కూర్చుంటారు.

సమస్య: గుండ్రంగా నిలబడ్డ గుంపులోకి కొత్తవాళ్లు రాలేకపోతున్నారు.

పరిష్కారం: సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఎరిక్ హోల్షర్ చెప్పిన 'పాక్‌మ్యాన్ రూల్' పాటించండి, అంటే పాక్‌మ్యాన్ వీడియో గేమ్‌లో నోరు తెరిచిన గుండ్రటి బొమ్మలా, ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి నిలబడండి. ఎవరైనా వస్తే ఇంకాస్త జరిగి, "వీళ్ల డేటాబేస్ మార్పిడి గొడవ నడుస్తోంది" అని సంగతి అందించండి. అది చెప్పకపోతే లోపలికొచ్చినా బయటివాళ్లే.

సమస్య: "ఫ్రెషర్‌ని, నేనేం సాయం చేస్తాను?"

పరిష్కారం: స్టేజీ మీద మాట్లాడేవాళ్లు తమ ఫోటో తామే తీసుకోలేరు. ముందు వరుసల్లో కూర్చుని, స్లైడూ మనిషీ పడేలా నాలుగైదు తీసి ఆ సాయంత్రమే పంపండి. స్టార్టప్ స్టాల్ దగ్గరైతే వాళ్ల యాప్ మీ ఫోన్‌లో వేసుకుని, ఓటీపీ దగ్గర ఆగిందా, ఏ బటన్ కనబడలేదో స్క్రీన్‌షాట్‌తో చెప్పండి. "యాప్ బాగుంది" అంటే వాళ్లకు ఒరిగేదేమీ లేదు.