టెన్షనా, జబ్బా? పోల్చుకోవడం ఎలా

గాజువాకలో మాది మందుల షాపు. ఇంటర్ పరీక్షలప్పుడు తల్లులు వచ్చి, "పిల్లకి ఒకటే టెన్షనమ్మా, నిద్రకేదైనా ఇవ్వు" అంటారు. మాత్ర సంగతి పక్కనపెట్టి, పేపర్ లేని రోజు ఎలా ఉంటోందని అడుగుతాను. బీచ్‌కి తీసుకెళ్తే మామూలుగా కబుర్లు చెబుతూ మొక్కజొన్న పొత్తు తింటోందంటే కంగారు పడక్కర్లేదు. చివరి పేపర్‌తో అదే పోతుంది.

కారణం తీరిపోయినా దడ తగ్గకపోతే ఆలోచించాలి. ఫీజు కట్టేశాక ఆరోగ్యం గురించి, రిపోర్టులు బాగున్నాయంటే భర్త షిఫ్టు నుంచి ఇంకా రాలేదని... ఇలా ఆరు నెలలుగా దాదాపు రోజూ ఆపుకోలేని దిగులు, దాంతో పాటు నిద్ర పట్టకపోవడం, మెడ బిగుసుకుపోవడం, అలసట, చిరాకు ఉంటే డాక్టర్లు జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్‌ని, అంటే ప్రతిదానికీ దిగులుపడే జబ్బుని, అనుమానిస్తారు.

ఇంకోటి, మీరు ఏమేం మానేశారో చూసుకోండి. "గ్యాస్ పట్టేస్తోంది మేడమ్" అంటూ మాత్రలకి వచ్చే ఒకతనికి విశాఖలోని ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బస్సులో చెమటలు పట్టి, ఊపిరాడక, ప్రాణం పోతుందనిపించిందట. ఈసీజీ బాగానే వచ్చింది. అప్పట్నుంచి బస్సెక్కడు. ఆటో అయినా పక్కన తమ్ముడు ఉండాల్సిందే. ఇలా ఒక్కసారిగా కమ్మేసే భయాన్నే పానిక్ అటాక్ అంటారు. అది నిమిషాల్లోనే పతాక స్థాయికి వెళ్లి దిగిపోతుంది. ఒకసారి వచ్చినంత మాత్రాన జబ్బు కాదు. ఉన్నట్టుండి పదే పదే వస్తూ, మళ్లీ వస్తుందేమోనన్న భయం నెల దాటి, బతుకు ఇలా కుదించుకుపోతే చూపించుకోవాలి. అయితే గుండెనొప్పి మొదటిసారి వస్తే మాత్రం టెన్షనేలే అని సరిపెట్టుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రెండు వారాలు ఒక పుస్తకంలో రాయండి: ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏ పని ఆగింది. డాక్టరుకి అది చాలా పనికొస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా గుండెదడ, చేతుల వణుకు వస్తాయి కాబట్టి రక్తపరీక్ష రాయొచ్చు. టీలు ఎక్కువ తాగేవాళ్లు ఆ లెక్క కూడా చెప్పాలి.

విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో సైకియాట్రీ ఓపీ, అంటే మానసిక వైద్య విభాగం, ఉంది. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అనగానే మనవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు, ఎందుకో మరి! ముందు ఫోన్లో మాట్లాడదాం అనుకుంటే 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులోనే, ఏ వేళయినా. కౌన్సెలింగ్‌లో సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే చికిత్స) అనే పద్ధతి బాగా పనిచేస్తుంది. మందులు రాస్తే చాలావాటికి గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మీ అంతట మీరు ఆపకండి.

డాక్టర్ చీటీ లేకుండా ఆల్ప్రాజొలామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర మాత్రం అడగొద్దు. అది అలవాటు పడిపోయే మందు, చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా షెడ్యూల్ హెచ్1లో ఉంది, అమ్మిన ప్రతిసారీ రిజిస్టర్లో రాయాలి. "పక్క షాపులో ఇస్తారులే" అని కోపంగా వెళ్లిపోయేవాళ్లున్నారు. వెళ్లనీండి.