వైజాగ్ హార్బర్‌లో మారే వెలుగుని ఫోటో తీయడం ఎలా

హార్బర్‌లో సూర్యోదయం ఫోటో అనగానే అందరం సూర్యుడి వైపే తిరిగి నిలబడతాం. నేనూ మొదట్లో ఏడాది పాటు అదే చేశాను. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ ఒకటే ఫోటో, పైన ఎర్రటి బంతి, కింద నల్లటి పడవలు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి పదే పదే వెళ్ళాక ఒకటి తెలిసింది. వెలుగు పడే చోటే ఫోటో ఉంటుంది. బోటు పక్క చెక్క మీద, తడి సిమెంటు మీద, కుప్పపోసిన వల మీద, ఐస్ ముక్కల మీద పడుతూ మారుతూ ఉంటుంది వెలుగు. సూర్యుణ్ణి ఒకటి రెండు ఫోటోలు తీసుకుని వీపు తిప్పేయండి.

ఇంకో సంగతి. బయటి దేశాల వాళ్ళ వీడియోల్లో గోల్డెన్ అవర్ (ఎండ బంగారు రంగులో ఉండే సమయం) అంటూ గంటసేపు తీరిగ్గా తీస్తుంటారు. మనకి అంత టైం దొరకదు. విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, ఇక్కడ సూర్యుడు పెద్దగా ఏటవాలు లేకుండా గబగబా పైకి వచ్చేస్తాడు. సూర్యోదయానికి ముందు వచ్చే నీలి వెలుగు పాతిక నిమిషాలు కూడా ఉండదు, తర్వాత వచ్చే బంగారు రంగు మహా అయితే అరగంట. జూన్ మొదట్లో సూర్యోదయం 5:20 ప్రాంతంలో అవుతుంది, జనవరి మధ్యలో 6:30 దాకా పోతుంది. ఆ టైంకి 40 నిమిషాల ముందే మీ చోట్లో మీరు నిలబడి ఉండాలి. అందుకే ముందురోజు సాయంత్రం ఒకసారి ఊరికే నడిచి రండి, కెమెరా లేకపోయినా పర్లేదు. ఏ జెట్టీ దగ్గర నీళ్ళు కదలకుండా ఉన్నాయి, ఎక్కడ దీపస్తంభం ఫ్రేముకి అడ్డొస్తోంది, ఎక్కడ నిలబడితే పనివాళ్ళకి దారి ఆగదు, ఇవన్నీ చీకట్లో తేలవు. ఒక చోటు ఎంచుకున్నాక అక్కడే ఉండండి. వెలుగు వెనక పరిగెత్తే వాళ్ళకి ఆ అరగంట నడకలోనే అయిపోతుంది.

తెల్లవారకముందు హార్బర్‌లో మూడు నాలుగు రకాల వెలుగులు కలిసి ఉంటాయి. ఆకాశం నీలం, స్తంభాల మీద పాత దీపాలైతే పసుపు, కొత్త ఎల్‌ఈడీలు తెలుపు, బోటు క్యాబిన్‌లో ఇంకో బల్బు. ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని కెమెరాయే సరిచేసే సెట్టింగ్) పెడితే కెమెరా ఇవన్నీ సర్దబోయి ఆ నీలాన్నే తీసేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ని 4000 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) చుట్టుపక్కల ఒక అంకె దగ్గర పెట్టి వదిలేయండి, ఎండ వచ్చాక 5200కి మార్చుకోవచ్చు. రా ఫార్మాట్‌లో (కెమెరా పట్టినదంతా మార్చకుండా దాచే ఫైలు) తీస్తే తర్వాత సరిచేసుకునే వీలుంటుంది. కాకపోతే అక్కడ స్క్రీన్ మీద రంగు సరిగా కనపడితే తీసే చెయ్యి కూడా సరిగా తీస్తుంది.

ఇక్కడే ఎక్కువ మంది ట్రైపాడ్ వేసి 10 సెకన్లు షట్టర్ తెరిచి పెడతారు. గట్టున ఉన్న షెడ్డుకైతే అది పనికొస్తుంది, పడవలకి కాదు. తాడు కట్టి ఉన్న బోటు కూడా ఊగుతూనే ఉంటుంది, ఫోటోలో దాని కొయ్యలు రెండేసి కనపడతాయి. ఐఎస్‌ఓ (తక్కువ వెలుగులో తీయడానికి పెంచే సెట్టింగ్) 1600 దాకా పెంచి, షట్టర్ 1/30 సెకను దగ్గర పెట్టి, బోటుని కాసేపు చూడండి. ఎడమకి వాలుతుంది, చివరికి వెళ్ళాక ఒక్క క్షణం ఆగుతుంది, మళ్ళీ కుడికి వస్తుంది. ఆ ఆగిన క్షణంలో నొక్కాలి. నాలుగైదు ఊపులు చూస్తే లయ చేతికి వచ్చేస్తుంది. ఒకసారి నీలం రంగు బోటు ఒకటి ఇలాగే చూస్తూ కూర్చున్నాను. అది వాలినప్పుడల్లా పక్కన కట్టిన టైరు నీళ్ళని తాకి చిన్న గుండ్రటి అలని పంపేది, ఆ అల మీద క్యాబిన్ బల్బు పసుపు గీత మూడు ముక్కలై మళ్ళీ కలిసిపోయేది. ఆ ఉదయం నేను తీసింది దాదాపు అదొక్కటే, ఇప్పటికీ గోడ మీద ఉంది.

సూర్యుడు పైకి వచ్చాక కెమెరాకి అసలు టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఆకాశం తెల్లగా వెలిగిపోతుంటే బోట్ల కింద నీడ ఇంకా చీకటిగానే ఉంటుంది. చాలామంది సగం నల్లగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ వాడమంటారు. ఖాళీ సముద్రానికి అది బాగుంటుంది గానీ హార్బర్‌లో కొయ్యలు, కొండ అన్నీ ఆ గీత దాటి పైకి పొడుచుకొస్తాయి, వాటి పై సగం నల్లబడిపోతుంది. వెలుగు ఎక్కువ తక్కువలుగా రెండు మూడు ఫోటోలు తీసి కలుపుదామంటే బోట్లు ఈలోపు కదిలిపోతాయి. నా పద్ధతి ఒక్కటే ఫోటో, ఆకాశంలో వివరం పోకుండా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి (అంటే కెమెరాలోకి వచ్చే వెలుగుని సగం చేసి) తీయడం, నీడల్ని ఇంటి దగ్గర కొంచెం పైకి తేవడం. ఫోన్‌తో తీసేవాళ్ళు ఆకాశంలో వెలుగున్న చోట వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగితే అదే పని అవుతుంది. నీళ్ళలో ప్రతిబింబం అసలు వస్తువు కంటే మామూలుగా కాస్త ముదురుగానే ఉంటుంది, ఎడిటింగ్‌లో దాన్ని పైదానితో సమానంగా వెలిగిస్తే కంటికి అబద్ధంలా అనిపిస్తుంది. ప్రతిబింబం కావాలంటే పొద్దున్నే తీసుకోండి, పొద్దెక్కి సముద్రపు గాలి మొదలైతే నీళ్ళు చిన్న చిన్న ముడతలు పడిపోతాయి.

ఋతువుని బట్టి దిక్కు మారుతుందన్నది మర్చిపోవద్దు. మన ఒడ్డు ఇక్కడ ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు సరిగ్గా సముద్రంలోంచి ఎదురుగా వస్తాడు, జూన్‌లో ఈశాన్యంగా కైలాసగిరి వైపు జరిగిపోతాడు. ఆర్కే బీచ్ నుంచి చూస్తే డాల్ఫిన్ నోస్ కొండ మీద పొద్దున పక్క నుంచి వెలుగు పడి రాళ్ళు, మడతలు తేలి కనపడతాయి. సాయంత్రం అదే కొండ నల్లటి ఆకారం అయిపోతుంది. నాకు ఏడాదిలో ఇష్టమైన రోజులు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల చేపల వేట నిషేధం. మరబోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి, రంగులు వేస్తుంటారు, నీడ పట్టున కూర్చుని వలలు బాగుచేస్తుంటారు. వేలంపాట సందడి లేదని ఆ రోజుల్లో కెమెరా వాళ్ళు రారు. నేను మాత్రం అప్పుడే వెళ్ళమంటాను.

సాయంత్రానికి చోటు మార్చాలి, ఎందుకంటే సూర్యుడు దిగేది నేల వైపు. పాత ఊళ్ళో చర్చి, దర్గా, వెంకన్న గుడి ఉన్న మూడు కొండలున్నాయి కదా, అక్కడి నుంచి పడమటికి చూస్తే పోర్టు లోపలి నీళ్ళు రాగి పళ్ళెంలా మెరుస్తాయి. 1933లో మొదలైన పోర్టు అది. ఒక్క జాగ్రత్త, పక్కనే నౌకాదళం ఉంది. యుద్ధనౌకలు, రక్షణ ప్రాంతం ఫ్రేములోకి రానివ్వద్దు, డ్రోన్ మాట అసలు ఎత్తొద్దు, కాపలావాళ్ళు వద్దంటే వాదించకుండా కెమెరా దించేయండి.

పొద్దున ఎనిమిది దాటాక చాలా రోజులు తెల్లటి మసక కమ్ముకుంటుంది. అప్పుడు దూరపు దృశ్యాలు వదిలి దగ్గరవి చూడండి, తాడు ముడి, తుప్పు, పెచ్చులూడిన రంగు కింద బయటపడే పాత రంగు. లెన్స్ ముందు పెట్టి తిప్పే పోలరైజర్ ఫిల్టర్ తడి చెక్క మీద మెరుపు తగ్గించి రంగు చిక్కబరుస్తుంది, కాకపోతే ప్రతిబింబాన్ని కూడా మింగేస్తుంది, అది చూసుకుని తిప్పండి. వాన వెలిసిన గంట లాంటి వెలుగు ఇంకోటి లేదు. అదే అల్పపీడనం, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు ఒడ్డుకి పోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు ఇది, ఏ ఫోటో కూడా ఆ అలల ముందు నిలబడేంత గొప్పది కాదు.

ఇక మనుషులు. వేలం దగ్గర వంజరం, చందువ, రొయ్యలు కుప్పలు పోసి పాట సాగుతుంటే మీరు మధ్యలో మోకాళ్ళ మీద కూర్చోకూడదు. అది వాళ్ళ రోజు కూలి. గంప మోస్తున్న ఆవిడకి దారిచ్చి, తీరిక దొరికాక “అక్కా, ఒక ఫోటో తీసుకోనా?” అని అడిగితే చాలామంది సరే అంటారు, వద్దంటే వద్దు. తర్వాతసారి ప్రింట్ తీసుకెళ్ళి ఇవ్వండి. నేనొక తాతకి ఇస్తే ఫోటోని వదిలేసి వెనకున్న బోటు మీద వేలు పెట్టి, “ఈ రంగు నేనే వేశాను బాబూ” అన్నాడు. అప్పటి నుంచి రంగులు వేసే రోజు ముందే కబురు పెడుతున్నాడు.

ఇవే సూత్రాలు భీమిలిలోనూ పనిచేస్తాయి. అక్కడ గోస్తని సముద్రంలో కలిసే చోట నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, వెనక పావురాళ్ళకొండ ఉంది కాబట్టి సాయంత్రం క్యాలెండర్ చెప్పే టైం కంటే ముందే వెళ్ళండి. కాకినాడలో హోప్ ఐలాండ్ అలల్ని అడ్డుకుంటుంది, ప్రతిబింబాలు ఇంకాస్త సేపు నిలుస్తాయి.

చివరగా సామాను. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా ఒడ్డుకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పట్టి ఆ పాతిక నిమిషాలు తుడవడంతోనే సరిపోతుంది, కాబట్టి మూసిన బ్యాగుని లేచీలేవగానే బాల్కనీలో పెట్టండి. లెన్స్ మీద ఉప్పు తుంపర పడితే వెంటనే రుద్దొద్దు, ముందు బ్లోయర్‌తో ఊది, మెత్తటి గుడ్డని కొద్దిగా తడిపి అద్దండి. ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా విప్పి మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి, లేదంటే నెల తిరక్కుండా ఆ మరలు బిగుసుకుపోతాయి.