ఓఆర్‌ఎం మార్చకుండానే లిస్ట్ పేజీ వేగం పెరిగింది (నా అనుభవం)

ఆర్డర్ల లిస్ట్ లోకల్‌లో చకచకా వస్తుంది, డేటా ఉన్న సర్వర్‌లో మాత్రం నత్తనడక. ఇండెక్సులు, క్యాషింగ్, కనెక్షన్ పూల్ పెంచడం అన్నీ అయ్యాయి, లాభం లేదు. నేను వాడే ఓఆర్‌ఎం (కోడ్‌లోని ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లతో కలిపే లైబ్రరీ) పైథాన్‌లోని ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ. దాన్ని వదిలేసి వేరేది చూసుకుందామన్న దాకా వచ్చింది.

పనిచేసింది ఇదీ. ముందు క్రియేట్_ఇంజిన్‌లో ఎకో=ట్రూ (డేటాబేస్‌కు వెళ్లే ప్రతి క్వెరీనీ కన్సోల్‌లో చూపిస్తుంది) పెట్టి పేజీ రిఫ్రెష్ చేశాను. ఆర్డర్లకు ఒక సెలెక్ట్, ఆపైన ఐటమ్స్ టేబుల్ మీద అదే సెలెక్ట్, ఐడీ ఒక్కటే మారుతూ, కన్సోల్ నిండా. అందరూ చెప్పే ఎన్ ప్లస్ వన్ సమస్య ఇదే: లిస్ట్‌కు ఒక క్వెరీ, ఒక్కో ఆర్డర్ ఐటమ్స్‌కు మళ్లీ ఒకటి, అంటే 50 ఆర్డర్లకు 51 క్వెరీలు.

తర్వాత క్వెరీ ఆప్షన్స్‌లో సెలెక్ట్‌ఇన్‌లోడ్(ఆర్డర్.ఐటమ్స్) తగిలించాను. ఆర్డర్ ఐడీలన్నీ ఒకే ఇన్ క్లాజులో వెళ్లి, ఐటమ్స్ అన్నీ ఒకేసారి వచ్చాయి. 51 కాస్తా 2 అయ్యాయి. రెండు టేబుళ్లనూ కలిపి ఒకే క్వెరీలో తెచ్చే జాయిన్డ్‌లోడ్ కూడా ఉంది గానీ, ప్రతి ఐటమ్‌కీ ఆర్డర్ వివరాలు మళ్లీ మళ్లీ వస్తాయి.

చివరగా ఆర్డర్‌నీ ఐటమ్స్‌నీ కలిపే రిలేషన్‌షిప్‌లో లేజీ='రైజ్' పెట్టాను. ఇక ముందే లోడ్ చేయకుండా ఐటమ్స్ ముట్టుకుంటే గుట్టుగా క్వెరీ పోదు, ఎర్రర్ కొడుతుంది. నాకైతే అసలు ఊరట ఇదే.

మీ సమస్యా ఇదేనని చెప్పలేను. లాగ్‌లో క్వెరీలు కొన్నే ఉండి, వాటిలో ఒకటే నెమ్మదిగా ఉంటే ఇది పనికిరాదు, ఎక్స్‌ప్లెయిన్ (డేటాబేస్ ఆ క్వెరీని ఎలా నడుపుతుందో చూపే కమాండ్) చూడాల్సిందే. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) వాళ్లకైతే సెలెక్ట్‌ఇన్‌లోడ్ లాంటి పనికి ప్రీఫెచ్_రిలేటెడ్ ఉంది.