లైనక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ రాయడం నేర్చుకుందాం – 6వ పాఠం: అన్‌లోడ్‌లో దాగిన రేస్‌లు

గత పాఠంలో ప్రోబ్ ఫంక్షన్, అంటే పరికరాన్ని సిద్ధం చేయడానికి కెర్నెల్ మొదట పిలిచేది, పూర్తి చేశాం. రిజిస్టర్లు మ్యాప్ అయ్యాయి, ఇంటరప్ట్ హ్యాండ్లర్ కుదిరింది, తెర మీద బొమ్మ వచ్చింది. చాలామంది ఇక్కడికి డ్రైవర్ అయిపోయిందనుకుంటారు. ప్రోబ్‌లో చేసినవాటిని కింద నుంచి పైకి తిరగేసి, పరికరాన్ని వదిలేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్ రాసేస్తారు. ఒకసారి ఆర్ఎంమాడ్ (డ్రైవర్ మాడ్యూల్‌ను కెర్నెల్ నుంచి తీసేసే ఆదేశం) కొట్టి, కెర్నెల్ పడిపోలేదు కదా అని ముందుకు వెళ్లిపోతారు. నా దృష్టిలో మాత్రం డ్రైవర్ రాసినవాళ్ల పనితనం తెలిసేది రిమూవ్‌లోనే. ప్రోబ్ నడిచేటప్పుడు పరికరం దాదాపుగా మన ఒక్కరి చేతిలోనే ఉంటుంది. రిమూవ్ మొదలయ్యే వేళకు అలా కాదు. ఇంటరప్ట్‌లు వస్తుంటాయి, టైమర్లు నడుస్తుంటాయి, వర్క్‌క్యూలో తర్వాత చేయాల్సిన పనులు (వర్క్‌లు) వరుసలో ఉంటాయి, ఏదో ఒక ప్రోగ్రాం కార్డు ఫైలును (ప్రోగ్రాంలు గ్రాఫిక్స్ పరికరాన్ని చేరే ఫైలు) తెరిచి పెట్టుకుని ఉంటుంది. ఇవన్నీ ఇంకా వాడుతున్న మెమరీనే మనం వదిలించుకోవాలి. ఇలా ఎవరు ముందు చేరారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయే తప్పునే రేస్ అంటారు.

దేన్నైనా ఫ్రీ చేసే ముందు రెండు పనులు జరగాలి. కొత్తవాళ్లు లోపలికి రాకుండా తలుపు మూయాలి. ఇప్పటికే లోపల ఉన్నవాళ్లంతా బయటికి వచ్చేదాకా ఆగాలి. తలుపు మూయడం అందరికీ గుర్తుంటుంది. ఆగడం దగ్గరే తప్పులు జరుగుతాయి.

ఇంటరప్ట్, వర్క్: ఏది ముందు?

మన హ్యాండ్లర్ స్టేటస్ రిజిస్టర్ చదివి, మిగతా పనిని ఒక వర్క్‌కు అప్పజెబుతుంది. రిమూవ్‌లో ముందు క్యాన్సిల్_వర్క్_సింక్ (వర్క్‌ను రద్దు చేసేది), తర్వాత ఫ్రీ_ఐఆర్‌క్యూ (హ్యాండ్లర్‌ను తీసేసేది), చివర కేఫ్రీ (మెమరీని వదిలేసేది) అని రాశారనుకోండి. పైపైన చూస్తే లోపం కనపడదు. రెండు సీపీయూలను పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదవండి.

సీపీయూ 0 మీద రిమూవ్ నడుస్తోంది. నడుస్తున్న వర్క్ ముగిసేదాకా క్యాన్సిల్_వర్క్_సింక్ ఆగి, తిరిగి వచ్చింది. సరిగ్గా అప్పుడే సీపీయూ 1 మీద ఇంటరప్ట్ పడింది. హ్యాండ్లర్‌ను ఇంకా తీసేయలేదు కాబట్టి అది నడిచింది, వర్క్‌ను మళ్లీ క్యూలో పెట్టింది. ఇటు సీపీయూ 0 ఫ్రీ_ఐఆర్‌క్యూను పిలిచింది. నడుస్తున్న హ్యాండ్లర్ అయ్యేదాకా అది నిజంగానే ఆగుతుంది. అయితే ఆ హ్యాండ్లర్ క్యూలో పెట్టి వెళ్లిన పని గురించి దానికి తెలియదు. తర్వాత కేఫ్రీ జరిగిపోయింది. కాసేపటికి వర్కర్ థ్రెడ్ లేచి, మనది కాని మెమరీని చదివింది. ఇదే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ. అదృష్టం బాగుంటే కెర్నెల్ వెంటనే ఊప్స్ అని లోపాన్ని చూపిస్తుంది. బాగాలేకపోతే ఆ మెమరీని అప్పటికే ఇంకొకరు తీసుకుని ఉంటారు, మన వర్క్ వాళ్ల డేటాను పాడుచేస్తుంది, బగ్ రిపోర్టు మనకు ఏ సంబంధమూ లేని ఫైల్ సిస్టమ్ మీద వస్తుంది.

దీనికి మందు లాక్ కాదు, వరుస. పని పుట్టే చోటు ముందు మూయాలి, పని చేరే చోటు తర్వాత. అంటే మొదట పరికరంలోనే ఇంటరప్ట్‌ను మాస్క్ చేయాలి, అంటే రాకుండా ఆపేయాలి. పీసీఐలో (కార్డును కంప్యూటర్‌కు కలిపే బస్) రాసిన విలువ పరికరానికి చేరకముందే సీపీయూ ముందుకు వెళ్లిపోవచ్చు కనుక, ఆ రిజిస్టర్‌ను ఒకసారి వెనక్కి చదవండి. ఆ తర్వాత ఫ్రీ_ఐఆర్‌క్యూ. దాని తర్వాత క్యాన్సిల్_వర్క్_సింక్. ఇప్పుడు వర్క్‌ను మళ్లీ క్యూలో పెట్టేవాళ్లు ఎవరూ మిగల్లేదు, కాబట్టి ఫ్రీ చేయడం క్షేమం.

వరుస దొరకని సందర్భం ఒకటుంది. జీపీయూ హ్యాంగ్ అయిందేమో చూసే టైమర్ ఒక వర్క్‌ను క్యూలో పెడుతుంది, ఆ వర్క్ తన పని ముగించి టైమర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. టైమర్‌ను ముందు ఆపితే వర్క్ దాన్ని లేపుతుంది, వర్క్‌ను ముందు ఆపితే టైమర్ దాన్ని లేపుతుంది. దీనికోసం చాలా డ్రైవర్లలో సొంతంగా ఒక ఫ్లాగ్ పెట్టి నెట్టుకొచ్చేవారు. ఆ ఫ్లాగ్‌ను చూడటానికీ, టైమర్ పెట్టడానికీ మధ్య మళ్లీ ఒక సందు. లైనక్స్ 6.2లో వచ్చిన టైమర్_షట్‌డౌన్_సింక్ ఈ చిక్కును విడగొట్టింది. అది టైమర్‌ను ఆపి, నడుస్తున్న కాల్‌బ్యాక్ అయ్యేదాకా ఆగడమే కాకుండా, ఆ తర్వాత ఎవరు మళ్లీ మొదలుపెట్టబోయినా పట్టించుకోదు. దాన్ని ముందు పిలిచి, తర్వాత వర్క్‌ను రద్దు చేస్తే సరిపోతుంది. వర్క్ వైపు ఇలాంటి పనే చేసే డిసేబుల్_వర్క్_సింక్ 6.10లో వచ్చింది. కొత్త కోడ్‌లో సొంత ఫ్లాగ్ కంటే ఇవే వాడండి.

ఇంకో మాట. వర్క్ లోపల తీసుకునే మ్యూటెక్స్‌నే (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల లాక్) పట్టుకుని రిమూవ్‌లో క్యాన్సిల్_వర్క్_సింక్ పిలిస్తే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగిపోతారు. లాక్‌ల వాడకాన్ని పరిశీలించే లాక్‌డెప్ ఆన్ చేసి ఉంటే ఈ డెడ్‌లాక్ నిజంగా జరగకముందే చెప్పేస్తుంది.

తెరిచిన ఫైలు సంగతి

ఏదైనా ప్రోగ్రాం కార్డు ఫైలును తెరిచి ఉంటే ఆర్ఎంమాడ్ ఒప్పుకోదు, మాడ్యూల్ వాడుకలో ఉందంటుంది. దీన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. సిస్ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ తన పరికరాలను, డ్రైవర్లను ఫైళ్లుగా చూపే చోటు) డ్రైవర్ డైరెక్టరీలోని అన్‌బైండ్ ఫైలుకు పరికరం పేరు రాసి పంపితే, ఎవరు ఏం తెరిచి ఉన్నా చూడకుండా కెర్నెల్ మన రిమూవ్‌ను పిలుస్తుంది. యూఎస్‌బీ డిస్‌ప్లే అడాప్టర్‌ను తీగ పట్టి లాగేసినా అంతే. మాడ్యూల్‌ను ఎందరు వాడుతున్నారన్న లెక్క కాపాడేది మాడ్యూల్ కోడ్‌నే, పరికరాన్ని కాదు.

ఇక్కడ రెండు ఆయుష్షులు ఉన్నాయి. హార్డ్‌వేర్‌తో మన బంధం రిమూవ్‌తో ముగుస్తుంది. డీఆర్ఎంలో (కెర్నెల్‌లోని గ్రాఫిక్స్ విభాగం) మన పరికరానికి ప్రతినిధిగా ఉండే డీఆర్ఎం_డివైస్ స్ట్రక్చర్ మాత్రం దాన్ని పట్టుకున్న చివరి ఫైలు మూసేదాకా బతకాలి. అందుకే డెవ్ఎం_కేజెడ్అలాక్ మీద జాగ్రత్త. దానితో తీసుకున్న మెమరీ రిమూవ్ అవ్వగానే పోతుంది. కనెక్టర్ (తెర తగిలే చోటు), ప్లేన్ (బొమ్మ పొర) స్ట్రక్చర్లను అందులో పెడితే, అన్‌బైండ్ అయిన కాసేపటికి ప్రోగ్రాం తన ఫైలు మూసినప్పుడు అదే మెమరీ ముట్టుకోబడుతుంది. యూజర్ ప్రోగ్రాం చేరగల ప్రతి స్ట్రక్చర్‌నూ డీఆర్ఎం_డివైస్ ఉన్నంతకాలం ఉండే మెమరీనిచ్చే డీఆర్ఎంఎం_కేజెడ్అలాక్‌తో తీసుకోండి, డీఆర్ఎం_డివైస్‌ను లోపల పెట్టుకునే మొదటి స్ట్రక్చర్‌ను డెవ్ఎం_డీఆర్ఎం_డెవ్_అలాక్‌తో తీసుకోండి. ఇంటరప్ట్, రిజిస్టర్ మ్యాపింగ్, క్లాక్ లాంటి హార్డ్‌వేర్ వనరులకు డెవ్ఎంతో మొదలయ్యే ఫంక్షన్లు సరైనవే.

స్ట్రక్చర్ బతికే ఉన్నా రిజిస్టర్ మ్యాపింగ్ పోయింది కదా. తెరిచి ఉన్న ఫైలు మీద అప్పుడే ఐఓసీటీఎల్ (ప్రోగ్రాం డ్రైవర్‌కు పంపే ఆదేశం) వచ్చి రిజిస్టర్‌లో రాయబోతే? మామూలు ఫ్లాగ్‌తో పరికరం ఉందో లేదో చూసి రాస్తే చాలదు. ఉందని తేలిన మరుక్షణం, రాసే లోపు, మ్యాపింగ్ పోవచ్చు. చూడటం, రాయడం రెండూ కలిసి ఒకే రక్షణలో ఉండాలి. డీఆర్ఎం_డెవ్_ఎంటర్, డీఆర్ఎం_డెవ్_ఎగ్జిట్ ఇచ్చేది అదే. ఎంటర్ ఫాల్స్ అంటే వెనక్కి వచ్చేయండి. ట్రూ అంటే, ఎగ్జిట్ పిలిచేదాకా ఆ రిజిస్టర్లు మీ కింద నుంచి జారిపోవు. ఎందుకంటే రిమూవ్‌లో పిలిచే డీఆర్ఎం_డెవ్_అన్‌ప్లగ్ ముందు ఫ్లాగ్ పెట్టి, తర్వాత ఎస్ఆర్‌సీయూ (లోపల ఇంకా ఎవరైనా ఉన్నారేమో చూసే కెర్నెల్ సదుపాయం) సాయంతో లోపల ఉన్న అందరూ ఎగ్జిట్ అయ్యేదాకా ఆగుతుంది. మనం మొదట్లో చెప్పుకున్న తలుపు, ఆగడం రెండూ ఈ ఒక్క ఫంక్షన్‌లో ఉన్నాయి.

ఎంటర్, ఎగ్జిట్ మధ్య నిద్రపోవచ్చు, అది ఎస్ఆర్‌సీయూ ఇచ్చే వెసులుబాటు. కానీ ఎప్పటికి వస్తుందో తెలియని జీపీయూ ఫెన్స్ (పని అయిందని చెప్పే సంకేతం) కోసం అక్కడ కూర్చోకండి. అది వచ్చేదాకా అన్‌బైండ్ కూడా వేలాడుతుంది. రిజిస్టర్లు తాకే నాలుగు లైన్లను మాత్రమే మధ్యలో పెట్టండి. అన్‌ప్లగ్‌ను ఆ మధ్యలోంచి పిలిస్తే తన కోసం తనే ఆగిపోతుంది, ఇది కూడా గుర్తుంచుకోండి.

అన్‌ప్లగ్‌తో ఒక చిక్కుంది, డీఆర్ఎం డాక్యుమెంటేషన్ కూడా దాన్ని ఒప్పుకుంటుంది. అన్‌ప్లగ్ తర్వాత డీఆర్ఎం_అటామిక్_హెల్పర్_షట్‌డౌన్ పిలిస్తే, తెరను ఆపే కోడ్‌లోని ఎంటర్ కూడా ఫాల్స్ ఇస్తుంది. కాబట్టి పరికరం అక్కడే ఉండి, మామూలుగా మాడ్యూల్ తీసినా హార్డ్‌వేర్ ఆన్‌లోనే ఉండిపోవచ్చు. డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా పరికరమే మెమరీని తాకడం) నడుస్తూ ఉండిపోతే అది రేస్ కంటే ప్రమాదం. పరికరం నిజంగా ఉందో లేదో పీసీఐ_డివైస్_ఈజ్_ప్రెజెంట్‌తో చూసి, ఉంటే రిమూవ్ చివర ఎంటర్ అడ్డు లేని చిన్న ఫంక్షన్‌తో స్కానౌట్ (తెరకు బొమ్మ పంపడం), డీఎంఏ ఆపడం నేను మేలనుకుంటాను.

సాధన

క్యూఈఎంయూలో వర్చువల్ మెషీన్ పెట్టి, కాసాన్ (మెమరీ తప్పులను పట్టే సాధనం), లాక్‌డెప్ ఆన్ చేసిన కెర్నెల్ నడపండి. ముందు క్యూఈఎంయూ వర్చువల్ డిస్‌ప్లేకు వాడే బాక్స్ (bochs) డ్రైవర్‌లోని రిమూవ్ చదవండి. చాలా చిన్నది, అన్‌ప్లగ్‌తో మొదలై షట్‌డౌన్‌కు వెళ్తుంది. తర్వాత మన డ్రైవర్‌లో క్యాన్సిల్_వర్క్_సింక్‌ను కావాలనే మాస్క్, ఫ్రీ_ఐఆర్‌క్యూ రెండింటి ముందుకూ జరిపి, దాని వెంటనే ఎంస్లీప్ 2000 (రెండు సెకన్ల నిద్ర) పెట్టండి. వర్క్ మొదట్లో కూడా కాస్త ఎంస్లీప్ పెట్టండి. మైక్రోసెకన్ల సందు సెకన్లలోకి సాగుతుంది. ఆ సందులో ఇంటరప్ట్ వచ్చేలా వీబ్లాంక్ (ఒక్కో ఫ్రేం ముగిసినప్పుడు వచ్చే ఇంటరప్ట్) ఆన్‌లో ఉంచి అన్‌బైండ్ చేయండి. కాసాన్ రిపోర్టులో మెమరీ ఎక్కడ ఫ్రీ అయిందో, ఎవరు ముట్టుకున్నారో రెండు స్టాక్ ట్రేస్‌లూ వస్తాయి. వాటిని పైన చెప్పిన సీపీయూ 0, సీపీయూ 1 కథతో పోల్చి చూసుకోండి. వరుస సరిచేసి మళ్లీ నడపండి, ఈసారి కార్డు ఫైలును తెరిచి ఉంచే ఒక ప్రోగ్రాంతో కూడా.

వచ్చే పాఠంలో ఫెన్స్‌లు. డీఎంఏ బఫర్ ద్వారా మన ఫెన్స్ వేరే డ్రైవర్ చేతికి వెళ్తే, దాని ఫంక్షన్ పాయింటర్లు మన మాడ్యూల్ కోడ్‌నే చూపిస్తుంటాయి. మాడ్యూల్ ఎగ్జిట్‌లో సింక్రొనైజ్_ఆర్‌సీయూ ఎందుకు చాలదో, ఆర్‌సీయూ_బ్యారియర్ ఎందుకు కావాలో అక్కడే చూద్దాం. ఈలోగా మీ డ్రైవర్‌లో కాల్_ఆర్‌సీయూ వాడిన చోట్లన్నీ వెతికి పెట్టుకోండి.