పర్యావరణ మార్పులో మనుషుల సంగతి చదివే పరిశోధకులు కావాలంటే: హైదరాబాద్ విద్యార్థులకు దారి

చెరువు ఎఫ్‌టీఎల్ (నిండుగా ఉన్నప్పుడు నీళ్లు నిలిచే మట్టం) హద్దును సర్వేయర్ కొలిచి చెబుతాడు. ఆ హద్దు లోపల ఇల్లు కట్టుకున్నది ఎవరు, వాళ్లకు ఆ జాగా అమ్మింది ఎవరు, నీళ్లొచ్చిన రాత్రి ఎవరింట్లో తలదాచుకున్నారు అన్నవి తేల్చడానికి సామాజిక శాస్త్రం కావాలి. 1908 మూసీ వరద, దాని తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927), వాటి పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో, 2020 అక్టోబరు ముంపు: ఇంత చరిత్ర కళ్లముందున్న నగరంలో ఈ చదువుకు విషయాల కొరత లేదు. దారి తెలియకే చాలామంది మధ్యలో చిక్కుకుంటారు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది మీ డిగ్రీ ఏ సబ్జెక్టు పేరు మీద ఉండాలన్నది. ఈ రంగానికి మన విశ్వవిద్యాలయాల్లో విడిగా శాఖలు అరుదు. ఉద్యోగ ప్రకటనలు సోషియాలజీ, ఆంత్రోపాలజీ, ఎకనామిక్స్, జాగ్రఫీ పేర్లతోనే పడతాయి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టులో పీజీలో 55 శాతం మార్కులు (రిజర్వుడు వర్గాలకు 50), దానితోపాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) కావాలి. నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసినవారికి నెట్ మినహాయింపు ఉంది. పేరు ఆకర్షణీయంగా ఉందని మిశ్రమ పీజీ కోర్సులో చేరితే దరఖాస్తుల పరిశీలన దగ్గరే ‘ఇది అనుబంధ సబ్జెక్టేనా’ అని ఆపేస్తారు. నెట్‌లోనూ ఇదే తప్పు జరుగుతుంది. ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ పేపర్‌లో రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం, కాలుష్య నియంత్రణ ఎక్కువ. అది పాసైనా సోషియాలజీ పోస్టుకు లెక్కలోకి రాదు. కాబట్టి ఒక పాత సబ్జెక్టును పునాదిగా పట్టుకోండి. పర్యావరణం మీ పరిశోధన అంశంగా ఉండాలి.

గచ్చిబౌలిలోని హెచ్‌సీయూ (హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం)లో సోషియాలజీ, ఆంత్రోపాలజీ, ఎకనామిక్స్ ఉన్నాయి; పీజీ ప్రవేశం సీయూఈటీ-పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. ఉస్మానియాలో జాగ్రఫీ ఉంది. టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్ క్యాంపస్‌నూ, బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్)నూ చూడండి.

నెట్‌లో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. నెట్‌లో పై ర్యాంకులకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. జేఆర్‌ఎఫ్ రాకపోయినా 2024 నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీకి వెళ్లొచ్చు: నెట్‌కు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఈ పద్ధతిలో స్కోరు ఏడాదే చెల్లుతుంది. ఇంటర్వ్యూకు ప్రతిపాదన సిద్ధం కాకముందే పరీక్ష రాసేసి ఆ ఏడాదిని పోగొట్టుకోవద్దు.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు మొహమాటం వద్దు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4కు మించి స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్లకన్నా తక్కువ ఉన్నవారు కొత్తవారిని తీసుకోలేరు. ఖాళీ ఉందో లేదో ముందే ఈమెయిల్‌లో అడగండి. భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఆయన లేదా ఆమె కింద వచ్చిన థీసిస్‌లు తెరిచి ఫీల్డ్‌వర్క్ అధ్యాయం చదవండి. అది రెండు పేజీల్లో ముగిసిపోతే ఈ రంగానికి ఆ గైడ్ సరిపోరు.

ప్రతిపాదనలో ‘తెలంగాణ రైతులపై వాతావరణ మార్పు ప్రభావం’ లాంటి శీర్షిక ఇంటర్వ్యూలో నిలబడదు. ఏ రైతులు, ఏ మార్పు, దేనిమీద ప్రభావం అని అడిగితే జవాబుండదు. ‘మూసీ దిగువన మురుగునీటితో పారా గడ్డి పెంచే కౌలుదారులు 2020 వరద తర్వాత కౌలు ఒప్పందాలను ఎలా మార్చుకున్నారు’ అంటే ఊరు, మనుషులు, కాలం, ప్రశ్న నాలుగూ తేలిపోతాయి. ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) రెండో వర్కింగ్ గ్రూప్ నివేదికలు వాడే చట్రం ఇక్కడ పనికొస్తుంది: ఆపద ఏమిటి, దాని దారిలో ఉన్నది ఎవరు, వారిలో తట్టుకోలేనిది ఎవరు, ఎందుకు. మన పని ఎక్కువగా ఆ చివరి ‘ఎందుకు’ దగ్గరే ఉంటుంది.

ఇక ఫీల్డ్‌వర్క్. ‘ఇరవై ఏళ్లలో వానలు తగ్గాయా’ అని అడిగితే తగ్గాయనే చెబుతారు. అది నిన్నటి నష్టం పలికించే మాట కావచ్చు. ప్రశ్నను కార్తెల్లో అడగండి: మృగశిరలో విత్తనం వేశారా, ఆరుద్ర దాకా ఆగారా? జూన్ 7 లేదా 8న మొదలయ్యే మృగశిర సుమారు రెండు వారాలు. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) రోజువారీ వర్షపాతాన్ని అవే తేదీలకు కలుపుకుంటే రైతు మాటనూ లెక్కనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఏళ్లను గుర్తు చేయడానికి 2002 కరువు, 2009 కృష్ణా వరద, 2016 నోట్ల రద్దు లాంటి ఘటనల పట్టిక చేతిలో ఉంచుకోండి.

దేశాన్ని గళ్లుగా విభజించి ఇచ్చే ఐఎండీ గ్రిడ్ డేటా 1901 నుంచి ఉంది కానీ ఒక్కో గడి 0.25 డిగ్రీలు, అంటే ఒక పక్క పాతిక కిలోమీటర్లకు పైనే. దాన్ని చూపించి ‘ఈ ఊళ్లో వాన’ అని రాస్తే వైవా (థీసిస్‌పై మౌఖిక పరీక్ష)లో పట్టుకుంటారు. రాష్ట్ర ప్రణాళికా సంస్థకు వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. మండల స్థాయికి అవి మేలు, కానీ పాత ఏళ్లకు పనికిరావు. దీర్ఘకాల గృహ వివరాలు కావాలంటే పటాన్‌చెరులోని అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలు చూడండి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అవురేపల్లె, దోకూర్ అందులో ఉన్నాయి.

సర్వే జాబితాను పట్టాదారు పాస్‌పుస్తకాల నుంచి తీయొద్దు. కౌలు రైతులకు కాగితం ఉండదు, వాళ్లందరూ జారిపోతారు. నాలుగు వాడలూ తిరిగి మీరే ఇళ్ల జాబితా రాసుకోండి. భర్త ఎదుట భార్యను అడిగితే భర్తే జవాబిస్తాడు. నాట్లప్పుడో, కలుపు తీసేటప్పుడో ఆమెతో విడిగా మాట్లాడండి. ప్రశ్నావళి 45 నిమిషాలు దాటితే చివరి ప్రశ్నలకు ‘అంతే సార్, మీరే రాసుకోండి’ అంటారు. ముందు పదిమందితో పరీక్షించి, కోయగలిగినన్ని కోయండి. సంస్థ నైతిక కమిటీ అనుమతి పత్రం ఫీల్డ్‌కు వెళ్లకముందే రావాలి. సమ్మతి పత్రం వాళ్లు మాట్లాడే తెలుగులో ఉండాలి. ఎఫ్‌టీఎల్ లోపల ఇల్లున్నవారి పేరు, సర్వే నంబరు, ఫోటో థీసిస్‌లో కనిపించకూడదు. మీ పుస్తకం చదివి వాళ్ల ఇల్లు కూల్చడానికి ఎవరూ రాకూడదు.

పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలు గరిష్ఠం ఆరేళ్లు, 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్. ఆ లోపు లేదా ఆ తర్వాత సంతోష్‌నగర్‌లోని క్రిడా (మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ), రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐఆర్‌డీపీఆర్ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) వంటి చోట్ల ప్రాజెక్టు పోస్టులు పడుతుంటాయి. చేరే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: ఇక్కడ సేకరించిన డేటాను నా థీసిస్‌లో వాడుకోవచ్చా, వ్యాసాల్లో నా పేరు ఉంటుందా, నిధులు మధ్యలో ఆగితే జీతం ఎన్ని నెలలు నడుస్తుంది.